రీలు లేని కెమెరా

“గడ్డం ఇంకొంచెం పైకి, మామయ్యా.”

“ఎత్తింది చాలదా? గడ్డం గీస్తావా, ఫోటో తీస్తావా?”

అతను రెండు వేళ్లు ముసలాయన గడ్డం కింద ఆనించి, ముఖాన్ని వెలుతురు వైపు రవ్వంత తిప్పాడు. ఆ వేళ్లకి అది బాగా అలవాటైన పని. ఫోటో షాపులో పొద్దస్తమానం చేసేదీ అదే. అక్కడ సబ్బు నురగ ఉండదు, అంతే తేడా. బ్లేడు చెంప మీదుగా దవడ దాకా దిగి, అక్కడ తడబడి ఆగింది.

“ఇవాళ నీ చెయ్యి నిలకడగా లేదు. నా మీద పాత కోపం ఏదైనా ఉంటే నోటితో చెప్పు, బ్లేడుతో వద్దు,” అన్నారు మామగారు కళ్లు మూసుకునే.

నిజమే, చెయ్యి నిలకడగా లేదు. మనసు అంతకన్నా లేదు. వెనకాల బీరువా మీద ఒక అట్టపెట్టె ఉంది. అటు చూడకూడదని అతను గట్టిగా అనుకున్నాడు కాబట్టి అది వీపుకి గుచ్చుకుంటూనే ఉంది. అందులో కెమెరా. కొన్న షాపువాళ్లు ఇచ్చిన గడువు ఇవాళ్టితో సరి. సాయంత్రం వాళ్లు తలుపులు మూసేలోగా తీసుకెళ్లి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. రేపటి నుంచి అది అతని సొత్తు, ఇక వద్దన్నా వదలదు.

నురగ తుడిచి, తడిగుడ్డతో ముసలాయన మెడ వెనక ఒత్తాడు. మామగారు కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాళ్లు పనిచేయడం మానేసినప్పటి నుంచి ఆయనకి ఆ కుర్చీయే ఇల్లు, ఆ కిటికీయే ఊరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన రోడ్డు రోలరు నడిపారు. నడిచేవాళ్లు కూడా దాటి వెళ్లిపోయే బండి అది. అంత నెమ్మదిగా బతికినవాడు కాబట్టి దారిలో ఏదీ చూడకుండా వదిలేవారు కాదు. ఎవరింట్లో గోడ పగిలింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ ఆయనకి తెలిసేవి. ఆ అలవాటు కాళ్లతో పాటు పోలేదు.

“తీసుకెళ్తున్నావా ఇవాళ?” అన్నారు.

“చూద్దాం మామయ్యా.”

“చూద్దాం అన్నవాడు ఎవడూ ఏదీ చూడలేదు.”

అల్లుణ్ని వీధిలో అందరూ పాస్‌పోర్టు సైజు అంటారు. తీసేవి ఆ సైజు ఫోటోలు, మనిషి కూడా ఇంచుమించు ఆ సైజే. ముఖం మీద అనరు గానీ అతనికి తెలుసు. ఎదురింటి పిల్లలు మాత్రం ‘సైజు అంకుల్’ అని ముఖం మీదే అనేస్తారు. మొదట్లో ఉడుక్కునేవాడు. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక ఇంకెవరో ఉన్నారేమోనని చూడటం మొదలుపెట్టాడు.

వెళ్లేముందు బీరువా మీది పెట్టెని దించాడు. సంచిలో పెట్టాడు. గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ బీరువా ఎక్కించాడు. మధ్యాహ్నం భోజనానికి ఎలాగూ వస్తాడు కదా, అప్పుడు తీసుకెళ్లొచ్చు. అంతలోనే, మధ్యాహ్నం హడావిడిలో మర్చిపోతానేమో అనిపించి మళ్లీ దించాడు. కుట్టు మిషను ముందు కూర్చున్న భార్య తల ఎత్తకుండానే ఈ తతంగమంతా గమనించింది.

“నాన్న దగ్గర పెట్టి వెళ్లండి,” అంది. “రోజూలాగే చూసుకుంటాడు కాసేపు.”

పెట్టె విప్పి కెమెరా తీసి మామగారి ఒళ్లో పెట్టాడు. ముసలాయన దాని పట్టీని మెడలో వేసుకుని, కింద రెండు దిండ్లు సర్దుకుని, కంటికి ఆనించుకున్నారు. ఎవరూ నేర్పక్కర్లేదు. పొడుగాటి లెన్సు కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి తొంగిచూసింది.

అతను పనిచేసే షాపు పెద్ద ప్రభుత్వ ఆఫీసుకి ఎదురుగా ఉంది. ముందు భాగంలో ఓనరు జిరాక్సు మిషను పెట్టుకుని కూర్చుంటాడు. వెనక తెర కట్టిన గదిలో అతను. పెళ్లికి ముందు చేరాడు ఆ గదిలో. నలుపు తెలుపు పోయి రంగులొచ్చాయి, రీళ్లు పోయి కార్డులొచ్చాయి, గదిలో స్టూలు మాత్రం అదే. కెమెరా స్టాండు కదలకుండా నేలకి బిగించేశారు. లెన్సు తిరగకుండా దాని చుట్టూ టేపు వేసేశారు, అది కూడా ఓనరు వేసిందే. అద్దం పక్కన తాడు కట్టిన దువ్వెన, ఒక పౌడరు డబ్బా, మేకుకి ఒక నల్లకోటు. ఆ కోటుకి చొక్కా కాలరూ టై కలిపి కుట్టేశారు, వీపు దగ్గర నిలువునా చీల్చేశారు. ఎంత లావు మనిషికైనా ముందు నుంచి తొడిగితే సరిపోతుంది. వెనక ఏముందో ఫోటోలో ఎవరికి కావాలి?

ఆ ఉదయం ఒకావిడ చంటిబిడ్డతో వచ్చింది. బిడ్డకి ఫోటో కావాలట. బిడ్డ స్టూలు మీద తల్లి చేతుల్లో కుదురుగా లేదు. అతన్ని చూసి నవ్వుతోంది. పళ్లు లేని ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

“నవ్వకండి,” అన్నాడు అతను, అలవాటుగా.

బిడ్డ ఇంకా గట్టిగా నవ్వింది.

“పోనీ నవ్వుతూనే తీసెయ్యండి, ఎంత బాగుందో,” అంది తల్లి.

“నవ్వితే తిప్పి పంపేస్తారమ్మా. నోరు మూసుండాలి, కళ్లు తెరిచుండాలి. ముఖంలో ఏమీ ఉండకూడదు.”

అతను ఆగాడు. బిడ్డకైనా పెద్దకైనా, ఒక నవ్వు అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు రెప్పపాటు ఖాళీ ఉంటుంది. అప్పుడు ముఖం ఎవరూ లేని గదిలా ఉంటుంది. సరిగ్గా అక్కడ అతని వేలు నొక్కుకుంటుంది. దాన్ని పట్టుకోవడంలో అతన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. అతను తీసిన ఫోటో ఏ ఆఫీసు నుంచీ తిరిగి రాలేదని ఓనరు బోర్డు మీద రాయించాడు కూడా.

బిడ్డ ఫోటో చక్కగా వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. తల్లి దాన్ని చూసి, బిడ్డని చూసి, “మా పాపేనా?” అని నవ్వి, డబ్బిచ్చి వెళ్లింది. ఇంకో రోజైతే అతను కూడా నవ్వి ఊరుకునేవాడు. ఇవాళ ఆ మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

కెమెరా కొనడం గురించి అతను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. బస్టాపు పక్కన అద్దాల షాపు ఉంది. బస్సు రావడం ఆలస్యమైన ప్రతిసారీ ఆ అద్దం ముందు నిలబడేవాడు. లోపల కెమెరాలు మారుతుండేవి, బయట నిలబడేవాడు మాత్రం అతనే. ఒకరోజు వాన వచ్చింది. తడవకుండా లోపలికి వెళ్లాడు. కౌంటరు అమ్మాయి “పట్టుకుని చూడండి సార్, పట్టుకుంటే ఏం పోతుంది?” అని చేతిలో పెట్టింది. ఆ బరువు అరచేతిలో చక్కగా కుదురుకుంది. బటన్ నొక్కితే టిక్కుమని కూడా అనలేదు. మెత్తగా తలుపు వేసుకున్నట్టు ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసమే నాలుగైదుసార్లు నొక్కాడు. వాన వెలిసే సరికి మరిక వెనక్కి తగ్గడానికి లేకుండా పోయింది.

ఆ సాయంత్రం కొత్త పెళ్లికొడుకులా ఇంటికి వచ్చాడు. పెట్టె విప్పుతుంటే వచ్చిన వాసన, ఒక్కో సంచిలోంచి ఒక్కో వైరు తీయడం, కెమెరా తెర మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం. ఆ కాగితం మాత్రం అతను ఊడదియ్యలేదు. ఎందుకు ఊడదియ్యలేదో ఆ రోజు తనకే తెలియదు.

దాచుకున్న డబ్బు నిజానికి భార్య మిషనుకి మోటారు బిగించడానికి. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది ఆవిడ. కాళ్లతో తొక్కి తొక్కి మోకాళ్లు వాచిపోయాయి. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగుతుంది. కెమెరాని చూసి ఆవిడ కోప్పడుతుందని అతను సిద్ధపడి ఉన్నాడు. జవాబులు కూడా దారిలో కూడగట్టుకుని వచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి చూసి, “బాగుందండీ,” అంది. దుమ్ము పడకుండా కప్పడానికి మెత్తటి గుడ్డ ముక్క ఒకటి వెతికి ఇచ్చింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది. తిట్టలేదు. కూడగట్టుకున్న జవాబులన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి.

మోటారు మాట నిజమే. ఎవరైనా అడిగితే అదే చెప్పి తిరిగిచ్చేద్దామని అతను అనుకున్నాడు. అసలు సంగతి వేరే ఉంది.

కొన్న తర్వాత వచ్చిన మొదటి సెలవు రోజున భార్యని వరండాలో నిలబెట్టాడు. ఉతికిన బట్టలు ఆరేస్తూ ఉంది, జుట్టు సగం ముడి ఊడి ఉంది, ఎండ పక్క నుంచి పడుతోంది. ఇలాంటి ఫోటో తియ్యాలనే అన్నేళ్లు అద్దం ముందు నిలబడ్డాడు. కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

“నవ్వకండి,” అన్నాడు.

ఆవిడ తెల్లబోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆవిడని అతను ‘నువ్వు’ అనే తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. “ఎవరికండీ ఈ మర్యాద, నాకేనా?” అని పకపకా నవ్వింది. చేతిలో బట్ట కిందపడేలా, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అతను వేలు బటన్ మీదే పెట్టి, ఆ నవ్వు అయిపోయే దాకా ఓపిగ్గా కాచుకుని, అప్పుడు నొక్కాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. అందులో ఉన్నావిడ ఏదో దరఖాస్తుకి అంటించడానికి తయారుగా ఉంది.

ఆ తర్వాత తీసినవన్నీ అంతే. పూలకుండీ సరిగ్గా మధ్యలో, వెనక గోడ, అటూ ఇటూ సమానంగా ఖాళీ. పక్కింటి పిల్లి ఎదురుగా చూస్తూ, చెవులు రెండూ కనబడేలా. టీ కెటిల్ కూడా తల ఎత్తి నిలబడ్డట్టే ఉంది. అన్నేళ్లూ అతను తనకి తాను చెప్పుకున్న మాట ఒకటుంది. ఆ గదిలో స్టాండు నేలకి బిగించేశారు, లెన్సుకి టేపు వేసేశారు, నేనేం చెయ్యను, నా చేతికి అసలైన కెమెరా రానీ. వచ్చింది. దీనికి టేపు లేదు, బిగింపూ లేదు. కొనకముందు అతను ఫోటోగ్రాఫరు. కొన్నాక కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ సంగతి బీరువా మీద నుంచి అతన్ని చూస్తూనే ఉండేది. దాన్ని ఇచ్చేస్తే మళ్లీ పాత మాట చెప్పుకుని బతకొచ్చు. ఇవాళ సాయంత్రంతో ఆ దారీ మూసుకుపోతుంది.

ఫోను మోగింది. తెలియని నంబరు.

“నమస్తే సార్. మీరు ఈ మధ్య మా దగ్గర కెమెరా కొన్నారు కదా సార్. మీ సంతృప్తి తెలుసుకుందామని చేశాను. ఒకటి నుంచి అయిదు వరకు ఒక అంకె చెప్పాలి. ఒకటంటే అస్సలు లేదు, అయిదంటే పూర్తిగా ఉంది.”

“కెమెరా గురించా అమ్మా, నా గురించా?”

“అంటే ఏంటి సార్?”

“కెమెరాకైతే అయిదు.”

“మీ సంతృప్తి చెప్పాలి సార్.”

“నా సంగతి వేరేగా వేసుకునే చోటుందా నీ దగ్గర?”

“లేదు సార్. ఒక్కటే గడి ఉంది.”

“అయితే అయిదే వేసుకో.”

“థాంక్యూ సార్. మీ సంతృప్తే మా సంతోషం.” ఆ చివరి మాట ఆ పిల్ల రోజుకి ఎన్నిసార్లు చెబుతుందో గానీ, ‘నవ్వకండి’ అన్నంత తేలిగ్గా చెప్పింది. ఫోను జేబులో పెట్టుకుంటుంటే తెర పక్కకి తీసి ఓనరు తొంగిచూశాడు.

“ఏంటి సైజూ, ఎవరు?”

“కెమెరావాళ్లు. బాగుందా అని.”

“బాగుండక చస్తుందా? నాకు చెప్పి ఉంటే ఆ డబ్బుతో ఇంకో జిరాక్సు మిషను వచ్చేదని చెప్పేవాణ్ని,” అని ఓనరు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి బయలుదేరాడు. మూల తిరగ్గానే తల ఎత్తి చూశాడు. వీధి చివర తమ కిటికీలో ఏదో తళుక్కుమంది. అంత దూరం నుంచి మామగారు తననే చూస్తున్నారని అర్థమై, నడక ఎందుకో తడబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతమందిని స్టూలు మీద కూర్చోబెట్టినవాడికి అటు కూర్చోవడం ఎలా ఉంటుందో అలవాటు లేదు.

గుమ్మంలో అడుగు పెట్టకముందే ముసలాయన అందుకున్నారు. “ఎడమకాలు ఈడుస్తున్నావేం? చెప్పు తెగిందా, మడమా?”

అతను వంగి చూసుకున్నాడు. చెప్పు పట్టీ నిజంగానే సగం ఊడి ఉంది. పొద్దుటి నుంచీ దాంతోనే నడుస్తున్నాడు, తనకే తెలియదు.

“అలా ఉంది నాన్న ధోరణి,” అంది భార్య పళ్లెం పెడుతూ. “పొద్దుటి నుంచి వార్తలు చదువుతూనే ఉన్నాడు. పళ్ల బండివాడు తక్కెడ కిందకి చెయ్యి పోనిస్తున్నాడట. ఎదురింటి మేడ మీద కొత్తగా దిగినావిడ ఫోనులో ఏడుస్తోందట. తప్పు నాన్నా, ఒకరి ఏడుపు మనకెందుకు అంటే వినడు.”

“ఏడుపు ఆగే దాకా చూశాను,” అన్నారు మామగారు. “తర్వాత మొహం కడుక్కుని, దువ్వుకుని, మొక్కకి నీళ్లు పోసింది. ఇంక ఫరవాలేదు. మధ్యలో వదిలేస్తేనే తప్పు.”

అతను రెండు ముద్దలు తిన్నాడు. ఆకలిగా లేదు. గడియారం వైపు చూశాడు, బీరువా మీది ఖాళీ పెట్టె వైపు చూశాడు.

“ఇన్ని చూశారు కదా, ఒక్కటైనా తీశారా మామయ్యా?”

“ఎందుకు, నీ రీలు తగలెయ్యడానికా?”

అతను తినడం ఆపాడు. “ఇందులో రీలు ఉండదు మామయ్యా. ఎన్ని తీసినా అయిపోదు. వద్దనుకుంటే చెరిపేసుకోవచ్చు.”

ముసలాయన కెమెరా దించి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇన్నాళ్లూ బటన్ వైపు పోకుండా చూపుడువేలిని ఆయన మడిచిపెట్టుకుని ఉన్నారని అతనికి అప్పుడు తట్టింది.

“మరి చెప్పలేదేం?”

“మీరు అడగలేదు కదా.”

“సర్లే. తీసి మాత్రం ఏం చేస్తాం? చూశాం కదా,” అని మళ్లీ కంటికి పెట్టుకున్నారు.

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. ఇంత ఖరీదైన వస్తువు పెట్టుకుని ఒక్క ఫోటో అయినా తియ్యకుండా ఆయనకి ఆ తృప్తి ఏమిటి? కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే. చెయ్యి కడుక్కుని కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

“ఇచ్చెయ్యాలి మామయ్యా. ఇవాళ దాటితే తీసుకోరు.”

ముసలాయన వెంటనే దించారు. “ఇచ్చెయ్. దీంతో మెడ పట్టేస్తోంది నాకు. దేవుడిచ్చిన కళ్లు ఉన్నాయి, ఇదెందుకు?” పట్టీని తనే మెడలోంచి తీయబోతే అది చెవికి తట్టుకుంది. అతను సాయం చేయబోయాడు. “నేను తీస్తాలే,” అని మెల్లగా విడిపించుకున్నారు. ఇచ్చేముందు కన్ను ఆనించే చోట చొక్కా అంచుతో గట్టిగా తుడిచారు.

అతను ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు. వైర్లు మెలికలు పడకుండా చుట్టాడు. గడప దగ్గర భార్య వెనకాలే వచ్చింది.

“మోటారు కోసమైతే ఇవ్వకండి,” అంది మెల్లగా. “నా మోకాళ్లు ఎలాగోలా లాక్కొస్తాయి.”

“మోటారు కోసం కాదు.”

“మరెందుకండీ?”

అతను వంగి, ఊడిన చెప్పు పట్టీ సర్దుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లింది. అతను వీధిలోకి దిగి, మూల తిరిగే దాకా కిటికీ వైపు చూడలేదు.

మధ్యాహ్నమంతా పెట్టె స్టూలు కింద ఉంది. వచ్చినవాళ్లని కూర్చోబెట్టినప్పుడల్లా వాళ్ల మడమలు దానికి తగిలాయి. తగిలిన ప్రతిసారీ అతను వంగి దాన్ని ఇంకాస్త వెనక్కి తోశాడు. ఒకాయనకి కోటు తిరగేసి తొడిగాడు. ఇంకొకాయన ముఖం సరిగ్గా మధ్యలో రాలేదు, మళ్లీ తీశాడు. ఉన్నచోట ఉండలేకపోయాడు. మంచినీళ్లకి లేచాడు, దువ్వెన కడిగాడు, తెర అవసరం లేకపోయినా జరిపాడు. చివరికి ఎండ తగ్గకముందే ఓనరుని అడిగి బయటపడ్డాడు.

అద్దాల షాపులో అదే అమ్మాయి ఉంది. పెట్టె విప్పి అన్నీ ఉన్నాయో లేదో చూసింది. కెమెరా వెనక తెర మీది ప్లాస్టిక్ కాగితం చూసి, “ఇంకా తియ్యనే లేదు సార్ మీరు,” అంది మెచ్చుకోలుగా. తర్వాత అందులో ఉన్న ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది. భార్య, పూలకుండీ, పిల్లి, కెటిల్. ఆ అమ్మాయి పెదవులు బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందని అతనికి తెలిసిపోయింది. ఆ నవ్వు ఎప్పుడు అయిపోతుందో కూడా తెలుసు.

“కారణం చెప్పాలి సార్. ఏదైనా లోపం ఉందా?”

“దాంట్లో ఏం లోపం లేదు.”

“మరి ఏం రాసుకోమంటారు? సరిగ్గా కనిపించట్లేదా?”

“బాగానే కనిపిస్తుందమ్మా.”

“ఒకసారి మీరే చూసి చెప్పండి సార్, తర్వాత మాట రాకుండా,” అని కెమెరా అతని చేతికిచ్చింది.

అతను కంటికి పెట్టుకుని అద్దంలోంచి బయటికి తిప్పాడు. రోడ్డు అవతల ఒక నిచ్చెన. దాని మీద ఒకతను దుకాణం బోర్డుకి అక్షరాలు రంగు వేస్తున్నాడు. కింద ఇంకొకతను నిచ్చెన పట్టుకుని ఆవలిస్తున్నాడు, అతనిది బట్టతల. పైనున్నవాడి కుంచె నుంచి ఎర్రరంగు చుక్క జారి సరిగ్గా ఆ బట్టతల మీద పడింది. కిందవాడు తల తడుముకుని, చేతికి అంటిన రంగు చూసుకుని, పైకి చూశాడు. తిట్టబోతున్నాడు అనుకున్నాడు అతను. కానీ ముందు కళ్ల చివర ముడతలు పడ్డాయి. తర్వాత చెంపలు పైకి లేచాయి. భుజాలు కదిలాయి. నిచ్చెన పట్టుకున్న చెయ్యి వదలకుండానే, ఒళ్లంతా ఊగేలా నవ్వాడు. పైవాడు కూడా కుంచె నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. అది పెరిగింది, నిలిచింది, మెల్లగా తగ్గింది. కిందవాడు కళ్లు తుడుచుకోబోయి కనుబొమ్మకి కూడా ఎరుపు పూసుకున్నాడు. మళ్లీ మొదలైంది.

ఒక నవ్వుని మొదలు నుంచి చివరి దాకా కెమెరాలోంచి చూడటం అతనికి అదే మొదటిసారి. ఇన్నేళ్లూ అది ఎప్పుడు పోతుందా అనే చూశాడు. ఇప్పుడు వేలు బటన్ మీదకి వెళ్లలేదు. వెళ్లలేదని కూడా అతనికి గుర్తులేదు. పొద్దుటి నుంచి ఒంట్లో అటూ ఇటూ తిరుగుతున్నదేదో ఒకచోట కూర్చుంది. మామయ్యకి చెప్పాలి, కనుబొమ్మ సంగతి ముఖ్యంగా చెప్పాలి అనుకున్నాడు.

“నొక్కి చూడండి సార్,” అంది అమ్మాయి.

“వద్దమ్మా. చూశాను కదా.” కెమెరాని దించి తనే పెట్టెలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

“ఇవ్వట్లేదా సార్? రేపైతే తీసుకోం మరి.”

“తెలుసు. మా ఇంట్లో పెద్దాయన వాడుకుంటున్నారు దీన్ని. ఆయన్ని అడక్కుండా తెచ్చేశాను.”

బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్యకి ఏం చెప్పాలో కూడా తెలిసిపోయింది. మోటారు కొంచెం ఆలస్యమవుతుంది, ఈ లోపు షాపు అయ్యాక తనే కాసేపు మిషను తొక్కుతాడు, ఆవిడ బట్ట పట్టుకుంటే చాలు. మామయ్యకి ఒక స్టాండు తెస్తే మెడ పట్టెయ్యదు. బిగింపు లేనిది, ఎటు కావాలంటే అటు తిరిగేది. అన్నేళ్లలో ఎప్పుడూ లేనంత తేలిగ్గా అనిపించింది అతనికి. దిగాల్సిన చోటు దాటబోయి, గబగబా దిగాడు.

వీధి మూల తిరిగి కిటికీ వైపు చూశాడు. మామగారి తల కనిపించింది, వీధి వైపే తిరిగి ఉంది. అతను పెట్టెని రెండు చేతులతో పైకెత్తి చూపించాడు. అంత దూరం ఆ ఒట్టి కళ్లకి ఆనుతుందో లేదో అనుకుని, నవ్వుకుంటూ నడిచాడు.

దగ్గరికి వచ్చాక మిషను చప్పుడు వినిపించలేదు. ఆ వేళలో అది ఆగదు.

భార్య కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, తండ్రి పాదం మీద చెయ్యి వేసి ఉంది. పక్కింటావిడ గోడకి ఆనుకుని నిలబడింది. అతన్ని చూసి భార్య లేవలేదు.

“ఎప్పుడు?” అన్నాడు.

“తెలీదండీ. నేను కుడుతూనే ఉన్నాను. చెప్పుల షాపు ముందు ఎవరో గొడవ పడుతున్నారు అన్నాడు. ఇంకాసేపటికి, సర్దుకున్నార్లే అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. చూస్తున్నాడనుకున్నాను.” ఆవిడ తండ్రి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. “రెండు చొక్కా చేతులు కుట్టాను తెలుసా, చూస్తున్నాడనుకుని.”

పెట్టె ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. కాసేపు చేత్తోనే పట్టుకుని నిలబడి, తర్వాత నేల మీద పెట్టాడు. నిచ్చెన, ఎర్రరంగు, కనుబొమ్మ, చెప్పాల్సినవన్నీ నోట్లోనే ఉన్నాయి. ఈ ఒక్క మధ్యాహ్నం ఆయన దగ్గరే ఉంచేసి ఉంటే ఏం పోయేది? గడువు అతనిది, ఆయనది కాదు. ఏడుపు రాలేదు. చేతుల్ని ఏం చెయ్యాలో తోచక ముసలాయన భుజం మీద వేశాడు.

“మీరు వెళ్లాక ఒక కాగితం ఇమ్మన్నాడు,” అంది భార్య. “బట్ట మీద పెట్టి కత్తిరించుకునే గట్టి కాగితం. దారం కూడా అడిగాడు. ఎందుకు నాన్నా అంటే, నీకెందుకు, నువ్వు కుట్టుకో అన్నాడు.”

అతను ముసలాయన చేతి వైపు చూశాడు, అక్కడి నుంచి కిటికీ గట్టు వైపు. ఊచలకి ఆనుకుని గోధుమరంగు కాగితం గొట్టం ఒకటి ఉంది. పొడుగ్గా, పిడికిట్లో పట్టేంత లావుగా చుట్టి, యూనిఫారం దారంతో రెండు చోట్ల ముడి వేశారు. ఒక చివర వీధి వైపు ఉంది. రెండో చివర, కంటికి ఆనించుకున్న చోట, చెమటకి మెత్తబడి లోపలికి కాస్త వంగి ఉంది.